ఏటి నీళ్ళ రుచి

చినమొగలో ఎల్లారావు నాలుక గురించి తెలియని మనిషి లేడు. ఫలానా వాడి కండబలం గురించో, ఫలానా వాడి మాటకారితనం గురించో చెప్పుకుంటారు గానీ, ఒక మనిషి నాలుక రుచి గురించి ఊరంతా గొప్పగా చెప్పుకోవడం ఎక్కడైనా విన్నారా? ఇక్కడ చెప్పుకునేవారు. కబురు పంపి మరీ పిలిపించుకునేవారు. అతని భార్య గంగారత్నం గురించి మాత్రం ఎవరూ ఏమీ చెప్పుకునేవారు కాదు. వెనకాల నడిచే మనిషిని ఎవరు చూస్తారు లెండి! ఆ చూడకపోవడం వల్లే ఇంత జరిగింది.

నాగాయలంక దాటి ఇంకా దిగువకి పోతే చినమొగ. కృష్ణ పాయ ఒకటి ఊరిని ఒరుసుకుంటూ పోయి సముద్రంలో పడుతుంది. పైనుంచి మంచినీరు దిగుతుంది, పోటు లేచినప్పుడు కిందనుంచి ఉప్పునీరు ఎక్కుతుంది. ఈ రెండూ రోజుకి రెండుసార్లు ఊరి ముందే తోసుకుంటాయి. బెజవాడలో బ్యారేజీ గేట్లెత్తిన నెలల్లో మంచినీటిది పైచెయ్యి, వేసవిలో ఉప్పుది. మధ్యలో బతికే జీవాలు ఆ తగువును బట్టి కాపురాలు మార్చుకుంటాయి. బొమ్మిడాయి చేప కాస్త ఉప్పు తగిలితే చాలు, పైకి పారిపోతుంది. కొయ్యింగ రెండు నీళ్ళలోనూ తిరుగుతుంది. రొయ్యపిల్ల సముద్రంలో పుట్టి, ఏటి బురదలో మొలిచే మడచెట్ల వేళ్ళ సందుల్లో సగం ఉప్పు నీళ్ళలో పెరిగి, ఒళ్ళు చేశాక మళ్ళీ సముద్రానికి పోతుంది. ఏ ప్రాణి ఎక్కడుండాలో అక్కడ ఉప్పే చెబుతుంది. ఆ ఉప్పు ఎంతుందో ఎల్లారావు చెప్పేవాడు.

అతని కొలతలన్నీ వంటింటివి. దోసిట్లో నీళ్ళు తీసుకుని, నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని పుక్కిలించి ఉమ్మేసేవాడు. "గంజి" అన్నాడంటే ఉప్పు తగల్లేదు, బొచ్చె చేపల చెరువుకి నిక్షేపంగా పెట్టుకోవచ్చు. "చారు" అంటే ఆలోచించుకోవాలి. "పులుసు" అంటే మంచినీటి చేప దగ్గరికి ఆ నీళ్ళు రానివ్వకూడదు, రొయ్యలకైతే బాగుంటుంది. "ఊరగాయ" అన్నాడంటే సముద్రం లోపలికొచ్చేసిందని. నీళ్ళు చూసే రోజు పొద్దున్నే లేచి నోరు కడుక్కుని, టీ చుక్క కూడా ముట్టకుండా వెళ్ళేవాడు. చుట్ట ముందురోజే మానేసేవాడు. వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్న పద్ధతి అది. తెప్పలేసుకుని తిరిగే రోజుల్లో మంచు కమ్మి ఒడ్డు కనబడకపోతే, నీళ్ళ రుచిని బట్టే ఏరు సముద్రంలో కలిసే మొగ ఎటుందో కనిపెట్టేవారట. తర్వాత ఊరి చుట్టూ చేపల చెరువులొచ్చాయి. ఎల్లారావుకి మోకాళ్ళు పట్టేసి వేట మానుకున్నాడు. అప్పుడు ఆ నాలుకే అతనికి కాళ్ళూ చేతులూ అయింది.

గంగారత్నం ఈ మనిషికి ముప్పై అయిదేళ్ళు వండి పెట్టింది. మాటలా! పులుసులో ఉప్పు ఒక్క పలుకు ఎక్కువైతే కంచం పక్కకి తోసేసేవాడు. "ఏట్లో నీళ్ళు తెచ్చి కాచావేంటే?" అనేవాడు. ఆమె తిట్టుకుంటూ, ఏడ్చుకుంటూ, చివరికి వేళ్ళతో తీస్తేనే తూకం తెలిసేటంత నేర్చుకుంది. వాళ్ళకి పిల్లలు కలగలేదు. ఎల్లారావు తమ్ముడు వేటకెళ్ళి గాలివానలో తిరిగి రాకపోతే, ఆరేళ్ళ గంగాధర్‌ని తెచ్చుకుని పెంచారు. వాడికి ఎల్లారావు పెదనాన్నే గానీ, నాన్న అంటే ఎలా ఉంటాడో ఆయన్ని చూసే తెలిసింది.

కరోనా వచ్చిన రెండో ఏడు ఇంట్లో ముగ్గురూ పడ్డారు. అందరికీ నోటి రుచి పోయింది, నెల తిరిగేసరికి అందరికీ వచ్చింది. ఎల్లారావుకీ వచ్చిందనే అనుకుంది గంగారత్నం. ఒకరోజు చింతచిగురు రొయ్యలు వండి, పొరుగింటి మాణిక్యమ్మతో మాటల్లో పడి ఉప్పెయ్యడం మర్చిపోయింది. తను తినబోయే ముందే ఆయన రెండుసార్లు కలుపుకుని తినేశాడు. "బాగుందే ఇయ్యాల" అని కూడా అన్నాడు. ఆమె ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. చప్పిడి, ఉత్త చప్పిడి.

"ఏమయ్యా, నీకు నోరు తెలవట్లేదా?" అంది.

ఎల్లారావు చెయ్యి కడుక్కుని వచ్చి, తలుపు దగ్గరగా వేసి, అప్పుడు చెప్పాడు. "వాసన వచ్చిందే. రుచే రాలేదు. ఉప్పూ లేదు, తీపీ లేదు. మట్టి తిన్నట్టుంది. ఎవరికీ చెప్పమాక."

"ఆస్పత్రికి పోదాం పద."

"అవనిగడ్డ పోయొచ్చా, నీకు చెప్పలేదు. ఆగితే వచ్చుద్దన్నాడు. ఎంతకాలం ఆగాలో చెప్పలేదు." మోకాళ్ళు రుద్దుకున్నాడు. "కాళ్ళు పోయినయ్యి, సరే అనుకున్నా. ఇది కూడా పోయిందంటే ఇంక నేనెందుకే ఈ ఊళ్ళో?"

ఎంత కోపిష్టి మనిషి! అలా అడిగేసరికి గంగారత్నం కంచం పక్కన పెట్టి ఆయన దగ్గరికి జరిగి కూర్చుంది. ఉపాయం చెప్పింది కూడా ఆమే. తర్వాత ఎంత తిట్టుకున్నా, ఆ ఉపాయం తనదే.

అప్పట్నుంచి ఎల్లారావుని ఎవరు పిలిచినా వెనక గంగారత్నం కూడా వెళ్ళేది. మోకాళ్ళ నొప్పులాయన, తోడెళ్ళిందనుకునేవారు. ముందుగా ఆమె కాళ్ళు కడుక్కునే వంకతో రేవులోకి దిగేది. మొహం కడుక్కున్నట్టు నీళ్ళు నోట్లోకి తీసుకుని, పైట అడ్డం పెట్టుకుని ఉమ్మేసేది. పైటచెంగు నడుముకి దోపుకుంటే గంజి. తలమీదికి లాక్కుంటే ఉప్పు. ఎంత ఉప్పో చెప్పడానికి ఎన్నిసార్లు చేతులు విదిలించిందో లెక్క. అప్పుడు ఎల్లారావు పెద్ద తంతుతో దిగి, దోసిలి పట్టి, కళ్ళు మూసుకుని, పుక్కిలించి తీర్పు చెప్పేవాడు.

"ఈ వయసులో కూడా ఏం నాలుక బాబాయ్ నీది!" అనేవాడు పక్క చెరువు రత్తయ్య.

'నాది నాయనా ఆ నాలుక' అనుకునేది గంగారత్నం లోపల. ఒక్కోసారి నవ్వొచ్చేది, ఒక్కోసారి ఒళ్ళు మండేది. ఇంటికొచ్చాక ఎల్లారావు "ఇయ్యాల మనం బాగా చెప్పాం గదే" అనేవాడు. ముప్పై అయిదేళ్ళ కాపురంలో 'మనం' అన్న మాట ఆయన నోట అప్పుడే వినడం. ఆ ఒక్క మాట కోసం ఆమె మూడేళ్ళు నీళ్ళు చూసింది. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

మూడో ఏడు పైన వానల్లేవు. బ్యారేజీ గేట్లు ఎత్తింది లేదు, పాయలోకి నీళ్ళు వదిలింది లేదు. ఉప్పు కార్తీకంలోనే ఊరిదాకా ఎక్కేసింది. పంటకాలువ శివారుకి నీళ్ళు రావడం మానేసి నెలయింది. గంగాధర్ చెరువు సరిగ్గా ఆ శివార్లో ఉంది. వాడు వేట మానేసి, రెండున్నర ఎకరాలు కౌలుకి తీసుకుని, బొచ్చెలూ శీలావతులూ వేశాడు. చేప ముప్పావు కిలో దాటింది. ఇంకో మూడు నెలలు నిలబడితే వలేసి అమ్ముకునే పట్టుబడి. అదయ్యాక రెండు గదులు వేసి పెదనాన్ననీ పెద్దమ్మనీ కూడా అక్కడే ఉంచుకుంటానని వాడూ, వాడి భార్య హేమా ఎప్పట్నుంచో అంటున్నారు. చెరువులో నీళ్ళు మాత్రం నడుము లోతు నుంచి మోకాలి లోతుకొచ్చాయి. పొద్దున్నే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఎక్కడినుంచైనా మంచినీళ్ళు పెట్టాలి, లేకపోతే చెరువు పోయినట్టే.

దేవుడు పంపినట్టు మూడు రోజులు ముసురు పట్టింది. చేల నీళ్ళన్నీ ఏట్లోకి దిగాయి. అలాంటప్పుడు ఒక సందు దొరుకుతుంది. పోటు లేచేటప్పుడు ఏట్లో ఉన్న మంచినీళ్ళని ముందుకు తోసుకుంటూ వస్తుంది, ఉప్పు దాని వెనకాల వస్తుంది. ముందొచ్చిన మంచినీళ్ళు తూములోంచి చెరువులోకి తీసుకుని, వెనకొచ్చే ఉప్పు తగలకముందే తూము దించెయ్యాలి. ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో నాలుక చెప్పాలి. ముసురు తగ్గిన మర్నాడు పొద్దున పోటుకి చూద్దామన్నాడు గంగాధర్. ఆ మర్నాడు చిలుకు ద్వాదశి.

గంగారత్నానికి కార్తీకమాసం ఏకాదశి ఉపవాసం తప్పదు. ముందురోజంతా పచ్చి మంచినీళ్ళ మీద ఉంది. ద్వాదశినాడు చీకటితోనే లేచి తలకి పోసుకుని, తులసికోటలో ఉసిరికొమ్మ గుచ్చి, దీపం పెట్టింది. ఆ కొమ్మా, పావుకిలో ఉసిరికాయలూ హేమ తెచ్చిచ్చింది. ఉపవాసం విడిచే పారణ ఉసిరికాయతో చెయ్యాలని గంగారత్నం అత్తగారు నేర్పిన ఆనవాయితీ. రెండు ముక్కలు నోట్లో వేసుకుని నమిలింది. ఇంతలో ఎల్లారావు వాకిట్లోంచి కేకేశాడు, పోటు లేచిపోతోందని. నిన్నట్నుంచి అన్నం ముట్టలేదు, ఇంతకంటే పరగడుపేముంటుంది అనుకుంది. ఉసిరికాయ ఆమె దృష్టిలో తిండి కాదు, ప్రసాదం. గబగబా బయల్దేరింది.

ఉసిరికాయ తిని నీళ్ళు తాగితే తియ్యగా ఉంటాయని చిన్నపిల్లకి కూడా తెలుసు. గంగారత్నానికి తెలియదా? చిన్నప్పుడు ఎన్నిసార్లు అలా తాగి మురిసిపోలేదు! కానీ ఆ క్షణాన తట్టలేదే, ఏం చెప్పమంటారు?

తూము దగ్గర గంగాధర్, రత్తయ్య, ఇంకో నలుగురు ఉన్నారు. గంగారత్నం రేవులో దిగి నీళ్ళు నోట్లోకి తీసుకుంది. చల్లగా, తియ్యగా తగిలాయి. కొబ్బరినీళ్ళలా ఉన్నాయి. 'కృష్ణమ్మ తల్లీ, దిగొచ్చావా' అనుకుంది. కళ్ళలో నీళ్ళొచ్చాయి. పైటచెంగు నడుముకి గట్టిగా దోపుకుంది.

ఎల్లారావు దిగాడు, కళ్ళు మూసుకున్నాడు, పుక్కిలించి ఉమ్మేశాడు. "గంజి! ఎత్తరా తూము" అన్నాడు.

"ఇంకోసారి చూడు పెదనాన్నా" అన్నాడు గంగాధర్.

"ఏరా, నాకు చెప్పేవాడివయ్యావా? నీ అయ్య పుట్టకముందు నుంచీ చూస్తన్నా ఈ నీళ్ళు!"

అందరూ నవ్వారు. గంగాధర్ కూడా నవ్వి, "ఊరికే అన్నాలే పెదనాన్నా" అంటూ తూము చెక్కలు పైకి లాగాడు. నీళ్ళు గుబగుబా చెరువులోకి దూకాయి.

ఇంటికొచ్చి, వంట చేసి, ఆయనకి పెట్టి, తనూ నాలుగు మెతుకులు తిని, అంట్లు తీసుకుని రేవుకి పోయింది గంగారత్నం. గంటన్నర గడిచింది. గిన్నె ముంచుతుంటే నీళ్ళు చిట్లి మొహాన పడ్డాయి. నాలుకతో పెదవి తడుముకుంది. గిన్నె పక్కన పెట్టింది. మళ్ళీ దోసిట్లో పట్టి నోట్లో పోసుకుంది. పులుసు, చిక్కటి పులుసు. ఆ ఉప్పు ఇప్పుడే వచ్చింది కాదు, పొద్దున్నుంచీ ఉన్నదే. ఒడ్డున బురద మీద ఎండిన తెల్లటి ఉప్పు చారలు చూస్తే తెలిసిపోతోంది. అప్పుడు గుర్తొచ్చింది ఉసిరికాయ.

అంట్లు అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చి ఎల్లారావుకి చెప్పింది. "ఓరి దేవుడో, ఉసిరికాయ తిని చూశానయ్యా! వాడికి చెబుదాం పద, ఇంజను పెట్టి తోడేసుకుంటాడు."

ఎల్లారావు మొహం మాడిపోయింది. చెప్పులేసుకుని గుమ్మం దాకా వచ్చి ఆగాడు. "ఏమని చెబుతాం?"

"నేను చూశానని చెబుతాం. ఇంకేమని!"

"అంటే మూడేళ్ళబట్టీ నువ్వే చూస్తన్నావని చెప్పాలి. నాకు నోరు లేదని చెప్పాలి."

"చెబితే ఏమవుద్ది? వాడు మన బిడ్డ."

"వాడొక్కడే అయితే చెబుదును. అక్కడ రత్తయ్యున్నాడు. పొద్దుగూకే లోపల ఊరంతా నవ్వుద్ది." ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఇప్పుడే ఉప్పెక్కిందని చెప్పి తూము దింపిద్దాం. అట్టా కూడా ఆగుద్దిగా. నా పరువు తియ్యమాకే, నీకు పుణ్యముంటది."

ఎల్లారావు ఆమె చేతులు పట్టుకోవడం పెళ్ళినాడు చూసిందే. ఆమె మెత్తబడిపోయింది. ఇద్దరూ వెళ్ళేసరికి రత్తయ్య వాళ్ళు అన్నాలకి పోయారు, గంగాధర్ ఒక్కడే ఉన్నాడు; అయినా అసలు మాట బయటికి రాక, "పోటు తిరిగిందిరా, ఇప్పుడే ఉప్పు తగుల్తోంది, దించెయ్" అన్నారు. గంగాధర్ మారు మాట్లాడకుండా దించేశాడు. చెరువు అప్పటికే నిండుగా ఉంది. పైపైన చూస్తే ఎంత అందంగా ఉందో! ఉప్పునీరు బరువు. అది అడుక్కి పోయి పడుకుంటుంది, మంచినీరు పైన తేలుతుంది. అడుగున ఊపిరాడక చేప పైకొస్తుంది, పైనున్న పలచటి మంచినీళ్ళలో ఒకటి రెండు రోజులు ఈదులాడుతుంది. ఆ రెండు రోజుల్లో అడుగునుంచి ఇంజనుతో తోడితే సగం దక్కేది. అది ఎల్లారావుకి తెలుసు, గంగారత్నానికీ తెలుసు.

ఆ రెండు రోజులూ ఆ ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు. "పోయి చెప్పొస్తా" అని ఆమె లేవడం, "రేపు చూద్దాం, ఏమీ కాదేమో" అని ఆయన కూర్చోబెట్టడం. ఒకసారి ఆమె గంగాధర్ గుమ్మం దాకా పోయింది కూడా. హేమ ఎదురొచ్చి, "చెరువు నిండింది అత్తయ్యా, ఈయన మూడు నెలలకి ఇయ్యాల కడుపునిండా తిన్నాడు" అంది. ఇంక నోరెలా వస్తుంది? పెరుగు కావాలని అడిగి తెచ్చుకుంది.

మూడో రోజు తెల్లవారేసరికి చెరువు తెల్లబడింది. బొచ్చెలన్నీ పొట్టలు పైకి పెట్టి తేలాయి. శీలావతులు గట్టు వారన మూతులు పైకెత్తి గుటకలు మింగుతున్నాయి. చేత్తో పట్టుకున్నా పారిపోలేదు. కొంగలూ కాకులూ ఎక్కడినుంచి వచ్చాయో వచ్చేశాయి. ఎవరూ వెయ్యకుండా వచ్చిన తిలాపియా మాత్రం ఏమీ పట్టనట్టు తిరుగుతోంది. దానికి ఏ నీళ్ళైనా ఒకటే. హేమ గట్టు మీద కూలబడి తల బాదుకుంటోంది. గంగాధర్ చెరువులో నడుము లోతున నిలబడి ఉన్నాడు, ఏడవటం లేదు.

ఊరు ఊరంతా వచ్చింది. రత్తయ్య నీళ్ళు చూసి ఉమ్మేశాడు. "ఇదేంది బాబాయ్, ఉప్పు కషాయం! గంజి అన్నావు గదా ఆ రోజు?"

అందరూ ఎల్లారావు వైపు తిరిగారు. గంగారత్నం నోరు తెరిచింది. ఆమె కంటే ముందు గంగాధర్ మాట్లాడాడు.

"పెదనాన్న తప్పేం లేదు. ఆయన దించమన్నప్పుడు నేను దించలేదు. ఇంకాస్త రానిద్దామని ఆశపడ్డా. నా పాపమే ఇది."

అబద్ధం. చెప్పిన మరుక్షణం దించాడు వాడు. అక్కడున్న వాళ్ళలో అది అబద్ధమని తెలిసినవాళ్ళు ముగ్గురే. ఎల్లారావు తల దించుకున్నాడు. గంగారత్నం తెరిచిన నోరు మూసుకుంది. ఆ పూట ఒక్క మాట అని ఉంటే ఎంత బాగుండేది! అనలేదు. ఆ నోరు మూసుకోవడమే ఆమె జీవితంలో పెద్ద తప్పు, ఉసిరికాయ కాదు.

కౌలు వదిలేసి, గంగాధర్ హేమని తీసుకుని బెజవాడ వెళ్ళిపోయాడు. ఒక చేపల కొట్లో చేపలు కోసే పని దొరికిందని ఫోన్ చేశాడు. ఊళ్ళో జనం మాత్రం వాణ్ణి వదల్లేదు. "ఆశకి పోయి చెరువు చంపుకున్నాడు, పెద్దాయన మాట వినుంటేనా!" అని రేవులో, టీకొట్టు దగ్గర, ఎక్కడ పడితే అక్కడ. ఎల్లారావు పేరు అలాగే ఉంది. ఇంకా కబుర్లు వచ్చేవి. "నాకు చేతకాదు, పొండి" అని అందరినీ వెనక్కి పంపేశాడు. "చూశారా, ఆ కుర్రాడు చేసిన పనికి ఆయన మనసు విరిగిపోయింది" అనేవారు. అది కూడా గంగాధర్ ఖాతాలోకే పోయింది. ఎల్లారావు పగలంతా మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. కంచంలో ఏం పెట్టినా తినేవాడు. ఒకప్పటిలా ఆ మనిషి కంచం తోసేస్తే బాగుండునని గంగారత్నం కోరుకునే రోజులొచ్చాయి.

ఎనిమిది నెలలకి ఆమె వల్ల కాలేదు. "నేను పోయి వాడితో చెప్పొస్తా. నువ్వు వద్దన్నా ఆగను" అంది. ఎల్లారావు గోడవైపు నుంచి తిరక్కుండానే, "పో" అన్నాడు.

బస్టాండులో దిగి, నలుగురిని అడిగి, గవర్నర్‌పేట వైపు ఒక సందులో కొట్టు పట్టుకునేసరికి ఎండెక్కింది. గంగాధర్ పెద్ద కత్తిపీట ముందు కూర్చుని ఉన్నాడు. బనీను నిండా పొలుసులు. ఐసులో బారుగా పేర్చిన బొచ్చెలు, వాడి చెరువులో చచ్చిన వాటికంటే కాస్త పెద్దవి. ఆమెని చూడగానే లేచి చేతులు కడుక్కుని స్టూలు తెచ్చాడు. సోడా తెప్పించాడు. "పెదనాన్న ఎట్టా ఉన్నాడు? మోకాళ్ళకి ఆ నూనె రాస్తన్నావా?" అని అడిగాడు.

ఆమె సోడా పక్కన పెట్టి అంతా చెప్పింది. జ్వరం వచ్చిన ఏడు, చప్పిడి కూర, పైటచెంగు, ఉసిరికాయ, ఆ రెండు రోజులు. ఒక్కటీ దాచలేదు. చెబుతూ వాడి మొహం వైపు చూడలేకపోయింది, ఐసు కరిగి కాలవలోకి పోతుంటే దాన్నే చూస్తూ చెప్పింది.

గంగాధర్ బనీను మీది పొలుసులు ఒక్కొక్కటే గిల్లి పారేశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "ఆ రోజు నా జేబులో ఉప్పు చూసే మీటరు ఉంది పెద్దమ్మా. ముందురోజే అవనిగడ్డలో కొన్నా. మీరు రాకముందే చూసుకున్నా. పన్నెండు చూపించింది. మన చేపకి ఆరు దాటితేనే కష్టం."

గంగారత్నానికి ముందు అర్థం కాలేదు. "మరెందుకు ఎత్తావురా?"

"పెదనాన్న గంజి అన్నాడు గదా. ఇంకోసారి చూడమన్నా. కోప్పడ్డాడు. చుట్టూ అంతమంది ఉన్నారు. వాళ్ళ ముందు జేబులోంచి మీటరు తీసి, నీ నోరు తప్పు అని ఆయనతో ఎట్టా అంటాను? నన్ను పెంచిన మనిషి. కొత్త మీటరు, నాకే చూడ్డం రాలేదేమో అనుకున్నా. అనుకోవాలని అనుకున్నా." కొట్టు యజమాని ఎవరికో రెండు కిలోలు కొట్టమని కేకేస్తే, "ఒక్క నిమిషం సార్" అన్నాడు. మళ్ళీ ఆమె వైపు తిరిగాడు. ఇప్పుడు వాడి కళ్ళు నిండి ఉన్నాయి. "నోరు పోయిందని నాకు ఒక్క మాట చెప్పకూడదా పెద్దమ్మా? ఆయన బదులు నేనే చూసి పెట్టేవాణ్ణి గదా. నీలాగే, ఎవరికీ చెప్పకుండా."

ఆమె వాడి పొలుసుల చేతులు పట్టుకుని, ఆ సందులో అందరూ చూస్తుండగా పెద్దగా ఏడ్చింది. మధ్యాహ్నం వాడే దగ్గరుండి బస్సెక్కించాడు. కిటికీ దగ్గర సీటు చూసి కూర్చోబెట్టి, "మీటరు సంగతి పెదనాన్నకి చెప్పమాక, తట్టుకోలేడు" అన్నాడు. ఆమె తలూపింది. ఉయ్యూరు దాటింది, అవనిగడ్డ దాటింది. దారి పొడుగునా చెప్పాలా వద్దా అని నలిగింది. దాచిపెట్టి దాచిపెట్టి ఇంతదాకా తెచ్చుకున్నాం, ఇంకోటి కూడా దాచనా అనుకుంది.

నాగాయలంకలో దిగేసరికి ఇంకా వెలుతురుంది. ఎల్లారావు బస్టాపు దగ్గర నిలబడి ఉన్నాడు. అంత దూరం ఆ మోకాళ్ళతో ఎలా వచ్చాడో. ఎనిమిది నెలల తర్వాత ఊరు దాటడం అదే. ఆమె కాలు నేలమీద పెట్టీ పెట్టకముందే, "తిట్టాడా?" అని అడిగాడు. ఆ గొంతులో ఆశ ఉంది.

"తిట్టలేదు."

"ఒక్క మాట కూడానా?"

"లేదయ్యా. ఆ రోజు వాడి జేబులో మీటరు ఉంది. ఉప్పుందని చూపించింది. నలుగురిలో నీ మాట తీసెయ్యలేక తూమెత్తాడు."

మోకాళ్ళు వంగని మనిషి ఆ రోడ్డు పక్కన దుమ్ములో చతికిలబడ్డాడు. "తిట్టాల్సిందే వాడు, ఒక్కసారన్నా తిట్టాల్సింది" అంటూ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. బస్సు దిగిన వాళ్ళు ఆగి చూస్తున్నారు. గంగారత్నం ఈసారి ఆయనకి పైట అడ్డం పెట్టలేదు. పక్కనే కూర్చుని, ఎవరు అడిగితే వాళ్ళకి జరిగింది మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.